డబ్బు లేక ఆగిపోయే వైద్యం: పెంపుడు జంతువుల చికిత్సకు సాయం చేయడం ఎలా

ఆ రోజు మా పిల్లికి టీకా వేయించడానికి క్లినిక్‌లో కూర్చుని ఉన్నాను. నాకంటే ముందు వచ్చినాయన ఒళ్లో పాత తువ్వాల్లో చుట్టిన కుక్కపిల్ల ఉంది. దానికి మూడు నెలలు కూడా ఉండవు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ పరీక్ష స్ట్రిప్ మీద రెండు గీతలు తేలాయి, అంటే జబ్బు ఉన్నట్టే. అయిదు రోజులు వార్డులో ఉంచి డ్రిప్ పెట్టాలన్నారు డాక్టర్ గారు. కౌంటర్‌లో అమ్మాయి ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చింది. ఆయన దాన్ని ఒకసారి చదివాడు. రెండు మడతలు, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటే సరిపోదా?" అని అడిగాడు, జవాబు కోసం ఆగలేదు. నేను తేరుకుని లేచేసరికి తలుపు మూసుకుంది.

పార్వో సోకిన పిల్లకు వైద్యం అందకపోతే బతకడం చాలా అరుదు. ఆసుపత్రిలో ఉంచి సరిగ్గా చూస్తే పదింటిలో ఎనిమిదో తొమ్మిదో బతుకుతాయి. అంటే ఆ పిల్ల సంగతి తేల్చింది ఆ అరగంటలో కౌంటర్ దగ్గర డబ్బుందా లేదా అన్నదే. ఇలాంటివాళ్ల కోసం ఏదైనా ఫండ్ ఉందా అని తర్వాత అడిగాను. "డబ్బా ఒకటి ఉందండీ, ఖాళీగా ఉంది" అంది ఆ అమ్మాయి.

జంతువుల వైద్యానికి ఇవ్వాలనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. కాకపోతే ఫోటో చూసి మనసు కరిగాక డబ్బు బయటికి వస్తుంది, అవసరం అంతకు ముందే వచ్చి వెళ్లిపోతుంది. ఇచ్చే డబ్బును కాస్త ముందుకు జరపడం ఎలా అన్నదే కింద రాసింది.

మొదట, ఎవరి కోసమో తేల్చుకోండి

జంతువులకు సాయం అనగానే మనకు గుర్తొచ్చేది షెల్టర్. యజమాని లేనివి, దెబ్బ తగిలి రోడ్డు పక్కన పడి ఉన్నవి. వాటికి సాయం కావాల్సిందే. కంటికి అంతగా ఆననివి ఇంకొన్ని ఉన్నాయి. వాటికి ఇల్లుంది, చూసుకునే మనిషి ఉన్నాడు, బిల్లు కట్టే స్తోమత మాత్రం లేదు. ఉద్యోగం పోయినవాళ్లు, పింఛను మీద బతికే పెద్దవాళ్లు, ఇంట్లో మనిషికే జబ్బు చేసి చితికిపోయినవాళ్లు ఇందులో ఉంటారు. పెద్ద జబ్బు వస్తే వీళ్లకు మిగిలేవి రెండు దార్లు: షెల్టర్‌లో వదిలేయడం, లేదంటే నయమయ్యే జబ్బుకే ప్రాణం తీసే ఇంజెక్షన్ వేయించడం. ఈ రెండోదాన్ని పశువైద్యులు ఎకనామిక్ యుథనేషియా అంటారు. దానికంటూ ఒక పేరు స్థిరపడిందంటే ఎంత తరచుగా జరుగుతుందో ఊహించుకోవచ్చు.

నా మటుకు నేను ముందు వీళ్లకే ఇస్తాను. ఒక్కసారి బిల్లు కడితే ఆ జంతువు తన ఇంటికి తాను వెళ్లిపోతుంది. అదే షెల్టర్‌కి చేరితే వైద్యంతో పాటు తిండి, గూడు, కొత్త ఇల్లు వెతికే పని, అన్నీ తోడవుతాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, మరియా డికిన్ అనే ఆవిడ లండన్‌లోని వైట్‌చాపెల్ అనే పేదల పేటలో ఒక సెల్లార్‌లో ఉచిత జంతు వైద్యశాల తెరిచింది. బాగోలేని జంతువును ఎవరైనా తీసుకురావచ్చు, వైద్యానికి డబ్బు అక్కర్లేదని బయట బోర్డు పెట్టింది. అదే పీడీఎస్ఏ అనే సంస్థగా ఎదిగి బ్రిటన్‌లో ఇప్పటికీ నడుస్తోంది.

జబ్బు రాకముందే పెట్టే ఖర్చు ఇంకో దారి. టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు దీని కిందికి వస్తాయి. ఒక పార్వో కుక్కపిల్లను వార్డులో ఉంచే ఖర్చుతో చాలా పిల్లలకు టీకాలు వేయించవచ్చు. ఆపరేషన్ చేయించిన ఆడకుక్కకు గర్భసంచిలో చీముపట్టే జబ్బు, పయోమెట్రా, దాదాపు రాదు. అది ముదిరాక చేసే ఎమర్జెన్సీ ఆపరేషన్‌కు డబ్బూ ఎక్కువే, ప్రాణ భయమూ ఎక్కువే. ఇక రేబిస్ సంగతి మనుషులది కూడా. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తుందని, ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితే వ్యాప్తి తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

టీకా క్యాంపుకు డబ్బిచ్చే ముందు ఒక ప్రశ్న మాత్రం అడగండి: రెండో డోసు ఎవరు వేస్తారు? తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాల పాటు పిల్లలో ఉండి, టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. ఒక్క డోసు వేసి, బ్యానర్ ముందు ఫోటో దిగి వెళ్లిపోయే క్యాంపులో సగం మందు నేలపాలైనట్టే.

సంస్థను ఎలా చూడాలి

ఆ దేశపు చట్టం ప్రకారం రిజిస్టరైందా, ఏటా లెక్కలు బయటపెడుతుందా, డాక్టర్ ఎవరు, ఏ క్లినిక్‌తో పని చేస్తుంది? ఇవి ఎవరైనా చెప్పే విషయాలే, చూసుకోండి. వెబ్‌సైట్‌లో లేకపోతే ఫోన్ చేసి అడగండి. అడిగితే విసుక్కునే చోట ఇవ్వకండి.

నేను మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతాను: "పోయిన నెలలో ఎవరికి లేదని చెప్పాల్సి వచ్చింది?" నిజంగా పని చేసేవాళ్ల దగ్గర దీనికి జవాబు వెంటనే దొరుకుతుంది, కొంచెం బాధతో దొరుకుతుంది. వెన్నెముక విరిగిన పిల్లి గురించో, డబ్బు అయిపోయిన మూడో వారం గురించో చెబుతారు. "మేం ఎవరినీ వెనక్కి పంపమండీ" అన్నారంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఎవరినీ కాదనకుండా తీసుకుంటూ పోతే, పది పట్టే చోట నలభై కుక్కలు చేరతాయి. ఒకదానికి డిస్టెంపర్ అనే అంటువ్యాధి ఉంటే చాలు, గదంతా అంటుకుంటుంది. ప్రేమతోనే మొదలై నరకంగా మారిన షెల్టర్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

నిర్వహణ ఖర్చు ఎంత శాతం అని అడగడం ఇప్పుడొక అలవాటైంది. దాన్ని అంత పట్టించుకోనక్కర్లేదు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి జీతం నిర్వహణ ఖర్చే. మందులు పాడవకుండా చూసే ఫ్రిజ్ కరెంటు బిల్లూ నిర్వహణ ఖర్చే. లెక్క కనపడుతోందా, డబ్బు నేరుగా క్లినిక్‌కు వెళ్తోందా అన్నవి చూస్తే చాలు.

ఒక్క జంతువు కోసం ఎవరైనా అడుగుతుంటే

మనలో చాలామంది మొదటిసారి ఇచ్చేది ఇలాగే. మోసపోయేదీ ఇక్కడే. నాకూ అయింది. కాలు విరిగిన గోధుమరంగు కుక్క ఫోటో, "ఈ రాత్రికి ఆపరేషన్, ఇంకా సగమే పోగైంది" అన్న మాట చూసి టెన్షన్‌తో అప్పటికప్పుడు పంపేశాను. నాలుగు నెలల తర్వాత అదే కుక్క, అదే నీలం దుప్పటి, వేరే పేరుతో, వేరే ఊళ్లో, మళ్లీ "ఈ రాత్రికే" ఆపరేషన్ అంటూ కనిపించింది. నాకు డబ్బు పోయిన బాధ కంటే, ఆ తర్వాత ఏడాది పాటు ఎవరడిగినా అనుమానంతో ఇవ్వలేదే అన్న బాధ ఎక్కువ. ఒక్క మోసం నిజంగా అవసరమున్న ఎందరి నోళ్లో మట్టి కొడుతుంది.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తున్నాను. మీరూ చేయండి, పది నిమిషాలకు మించదు.

ముందు ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూడండి. పాత ఫోటో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. దొరకలేదంటే నిజమని కాదు, అందుకే అక్కడితో ఆగకండి. జంతువు ఏ క్లినిక్‌లో ఉందో అడగండి. పేరు చెప్పాక, వాళ్లిచ్చిన నంబరుకు చేయకుండా, ఆ క్లినిక్ నంబరు మీరే వెతికి పట్టుకుని చేయండి. "ఫలానా పేరుతో ఫలానా జంతువు మీ దగ్గర ఉందా, దాని ఖాతాలో నేను కొంత కట్టొచ్చా?" అని అడగండి. పేషెంటు వివరాలు మూడో మనిషికి చెప్పకూడదని కొన్ని క్లినిక్‌లలో నియమం ఉంటుంది. అది అనుమానించాల్సిన విషయం కాదు. మీరు ఫోన్ చేస్తే మాట్లాడమని యజమానినే ముందుగా క్లినిక్‌కు చెప్పమనండి. నిజమైన యజమాని సంతోషంగా చెబుతాడు. దొంగ అయితే ఇక్కడే మాట మారుస్తాడు: డాక్టర్ బిజీ, క్లినిక్ మూసేశారు, నేనే కట్టేశాను ఇప్పుడు నాకు పంపండి, ఇలా.

కుదిరినంతవరకు మనిషి చేతికివ్వకుండా క్లినిక్ ఖాతాకే కట్టండి. నాకు దీన్ని మించిన జాగ్రత్త తెలియదు. ఇలా చేస్తే యజమాని మంచివాడా కాదా అని మనం తీర్పు చెప్పే పనే ఉండదు.

ఇచ్చే ముందు ఇంకో మాట తేల్చుకోండి. డబ్బు మిగిలితే? జంతువు మధ్యలో చనిపోతే? అడగడానికి మొహమాటంగా ఉంటుంది కానీ ఒక్క వాక్యంతో పోతుంది: "ఇది ముందు దీని వైద్యానికి, మిగిలితే ఇదే క్లినిక్‌లో ఇంకో జంతువుకు." ఈ ఒక్క ముక్క రాసిపెట్టకపోవడం వల్లే తర్వాత బోలెడు తగాదాలు వస్తాయి.

జంతువుల్ని కాపాడినట్టు చూపించే వీడియోల గురించి వేరే చెప్పాలి. కుక్కపిల్లను కొండచిలువ చుట్టుకుంటుంది, సరిగ్గా అప్పుడే కెమెరా అక్కడ ఉంటుంది, ఒక మనిషి వచ్చి విడిపిస్తాడు. వ్యూస్ కోసం, విరాళాల కోసం పిల్లను వాళ్లే తీసుకెళ్లి పామునోట పెట్టిన వీడియోలు చాలా ఉన్నాయి. ఆపద మొదలు కాకముందే కెమెరా నడుస్తుంటే, అదే మనిషికి వారానికొకసారి అలాంటి "అదృష్టం" పడుతుంటే, డబ్బివ్వకండి. తిడుతూ కూడా షేర్ చేయకండి, తిట్టు కూడా వాళ్లకు వ్యూ కిందే లెక్క. రిపోర్ట్ చేసి వదిలేయండి.

ఇచ్చే పద్ధతి

ఏడాదికొకసారి పెద్ద మొత్తం ఇవ్వడం కంటే నెలనెలా కొంచెం ఇవ్వడం మేలు. రేపు నెల ఎంత వస్తుందో తెలిస్తేనే సంస్థ ఒక ఆపరేషన్‌కు ధైర్యంగా సరేనంటుంది. ఆటో డెబిట్ పెట్టి మర్చిపోండి. మీకు బరువనిపించని మొత్తమే పెట్టండి. పెద్దది పెట్టి మూడు నెలలకు ఆపేస్తే వాళ్ల లెక్క తప్పుతుంది.

ఫలానా జంతువుకే, ఫలానా రకానికే అని కట్టడి చేయకుండా "వైద్యానికి, మీకు ఎక్కడ అవసరమైతే అక్కడ" అని ఇవ్వగలిగితే ఇంకా మంచిది. అందమైన తెల్ల కుక్కపిల్లకు పదింతలు డబ్బు పోగవుతుంది, ఒంటికన్ను ముసలి పిల్లికి ఒక్కరూ ఇవ్వరు. కట్టడి లేని డబ్బే ఆ పిల్లి దాకా వెళ్తుంది.

పన్ను మినహాయింపు దేశాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల రిజిస్టరైన సంస్థకిస్తే రశీదు మీద మినహాయింపు దొరుకుతుంది, వ్యక్తికి నేరుగా ఇస్తే దొరకదు. మినహాయింపు ముఖ్యమనుకుంటే ఇవ్వకముందే కనుక్కోండి. మీ కంపెనీలో ఉద్యోగి ఇచ్చినదానికి అంతే మొత్తం కలిపే పథకం ఉందేమో హెచ్ఆర్‌ను అడగండి. వీలునామాలో రాయదలిస్తే ఇంత మొత్తమని రాయకుండా ఇంత శాతమని రాయండి. ఇరవై ఏళ్లలో డబ్బు విలువ పడిపోయినా ఆ మాట నిలుస్తుంది.

కొన్ని జబ్బుల వైద్యం వారాల తరబడి సాగుతుంది. పిల్లులకు వచ్చే ఎఫ్ఐపీ అనే వైరస్ జబ్బు ఒకప్పుడు దాదాపు మరణశాసనమే. ఇప్పుడు జీఎస్-441524 అనే మందుతో చాలా పిల్లులు కోలుకుంటున్నాయి. కానీ మామూలుగా పాటించే కోర్సు 84 రోజులు. ఇలాంటిదానికి మొదటి వారమే అందరూ ఎగబడి ఇచ్చి, అయిదో వారానికి మాయమవుతారు. మీరు అయిదో వారం మనిషిగా ఉండండి. వారానికింత అని క్లినిక్‌లో చెప్పి కట్టండి.

క్లినిక్‌లోనే చిన్న నిధి

నాకు బాగా తెలిసిన పని ఇది. ఖాళీ డబ్బా సంగతి విన్న వారం తర్వాత, క్లినిక్‌లో రద్దీ లేని వేళ చూసుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. నెలకింత కడతాను, కట్టలేనివాళ్ల బిల్లులో సర్దండి అన్నాను. ఆవిడ నవ్వి, "నేను చాలాకాలంగా నా జేబులోంచి సర్దుతున్నదే" అన్నారు. చాలా క్లినిక్‌ల సంగతి ఇదే. బయటికి చెప్పరు, చెబితే అందరూ అడుగుతారని భయం. ఆ భయంలో న్యాయం ఉంది, అందుకే మొదటి రోజే కొన్ని నియమాలు రాసుకున్నాం.

ఎవరికివ్వాలో నిర్ణయం డాక్టర్‌ది, నాది కాదు. నాకు ఫోన్ చేసి అడగాల్సిన పని కూడా లేదు. అర్ధరాత్రి పన్నెండింటికి నా అనుమతి కోసం ఆగితే నిధి ఉండి లాభమేంటి? ఒక్కో కేసుకు ఇంతకు మించకూడదని పరిమితి పెట్టుకున్నాం, లేకపోతే మొదటి పెద్ద ఆపరేషన్‌కే అంతా ఊడ్చుకుపోతుంది. యజమాని ఎంతో కొంత కట్టాలి, అది ఎంత తక్కువైనా సరే. బతికే అవకాశం బాగా ఉండి, డబ్బొక్కటే అడ్డమైన కేసులు ముందు. అన్నిటినీ ఒక నోట్‌బుక్‌లో రాయాలి.

నా సొంత డబ్బు క్లినిక్‌లో అడ్వాన్సుగా ఉంచడం కాబట్టి ఇది తేలిగ్గా సాగింది. ఇంకో నలుగురు కలుస్తామన్నారనుకోండి, అప్పుడు వాళ్ల డబ్బు మీ ఖాతాలో పోగేసుకోకండి. ఎవరికి వాళ్లు క్లినిక్‌లోనే కట్టమనండి, లేదా రిజిస్టరైన సంస్థ ద్వారా నడపండి. జనం దగ్గర వసూలుకు చాలా దేశాల్లో చట్టాలున్నాయి. చట్టం మాట అటుంచి, డబ్బు మీ చేతిలో ఉంటే ఏదో ఒక రోజు మీ మీదే అనుమానం వస్తుంది.

మా నోట్‌బుక్‌లో మొదటి కేసు మగపిల్లి, మూత్రం బంద్. మగపిల్లుల మూత్రనాళం సన్నగా ఉంటుంది, చిన్న రాళ్లో జిగురో అడ్డుపడితే మూసుకుపోతుంది. ఇక రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఇసుక తొట్టెలో పదేపదే కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని ఇంట్లోనే ఆగిపోతారు చాలామంది. ఈ పిల్లి సమయానికి వచ్చింది. ట్యూబు వేసి, మూడు రోజులు ఉంచి పంపించారు.

ఆ మొదటి ఏడాదిలోనే ఇంకో సంగతి తెలిసింది. ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటే సరిపోదా అని కౌంటర్ దగ్గర ఆ కుక్కపిల్ల యజమాని అడిగిన ప్రశ్నకు జవాబుంది! అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు పార్వో పిల్లలకు వార్డులో ఉంచకుండా చేసే పద్ధతిని పరీక్షించి చూశారు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపే మందు, ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఒకటి, రోజూ పరిశీలన, ఇదీ పద్ధతి. వార్డులో ఉంచినవాటిలో 90 శాతం బతికితే, ఈ పద్ధతిలో 80 శాతం బతికాయి. రెండూ ఒకటి కాదు, మొదటిదే మెరుగు. కానీ వైద్యమే లేకపోవడంతో పోలిస్తే ఈ 80 ఎక్కడ! ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఇలా యజమాని స్తోమతను బట్టి వైద్యాన్ని మెట్లు మెట్లుగా ఆలోచించడాన్ని స్పెక్ట్రమ్ ఆఫ్ కేర్ అంటున్నారు. నిధి పెట్టేటప్పుడు డాక్టర్‌తో ఈ మాట తప్పకుండా మాట్లాడండి. "అన్నిటికంటే మంచిది ఏది" అన్న ప్రశ్న పక్కనే "ఈ డబ్బుతో చేయగలిగిన మంచిది ఏది" అన్న ప్రశ్నకు చోటుంటే, చిన్న నిధి కూడా చాలా దూరం వస్తుంది. మడతపెట్టిన ఆ ఎస్టిమేట్‌లో ఈ రెండో లెక్క కూడా ఉండి ఉంటే ఆయన అలా వెళ్లిపోయేవాడు కాదేమో.

డబ్బు కాకుండా ఇవ్వగలిగినవి

రక్తం. ఈ మాటకు చాలామంది ఆశ్చర్యపోతారు. ప్రమాదాల్లో, ఎలకలమందు తిన్న కేసుల్లో, గోమార్ల జబ్బుల్లో కుక్కలకు రక్తం ఎక్కించాల్సి వస్తుంది, అది ఇంకో కుక్కే ఇవ్వాలి. మామూలుగా ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు, 25 కిలోలు పైబడిన, టీకాలన్నీ పడిన, నెమ్మదస్తురాలైన కుక్క పనికొస్తుంది. ఒకసారికి దాదాపు 450 మిల్లీలీటర్లు తీస్తారు. పిల్లుల్లో ఏ, బీ, ఏబీ గ్రూపులుంటాయి. ఏ, బీ పిల్లుల రక్తంలో తమది కాని గ్రూపు మీద సహజంగానే వ్యతిరేకత ఉంటుంది కాబట్టి మొదటిసారి ఎక్కించేటప్పుడు కూడా గ్రూపు చూడక తప్పదు. బీ గ్రూపు పిల్లికి ఏ రక్తం పడితే చచ్చిపోవచ్చు. మీ కుక్కో పిల్లో పనికొచ్చేదైతే డాక్టర్ దగ్గర పేరు రాయించి ఉంచండి. అవసరం వచ్చినప్పుడు వెతకడానికి టైముండదు.

పాత తువ్వాళ్లు, దుప్పట్లు వార్డులో ఎన్నున్నా చాలవు. దూది దిండ్లు మాత్రం వద్దు, కొరికి మింగుతాయి. మిగిలిపోయిన మందులు ఇచ్చే ముందు ఫోన్ చేసి అడగండి. సీలు తీసినవి, ఫ్రిజ్‌లో ఉండాల్సింది బయట ఉన్నవి ఎవరికీ పనికిరావు. మనుషుల మందుల్ని అసలే ఇవ్వకండి. పిల్లి ఒంట్లో పారాసెటమాల్ విరిగే దారి సరిగ్గా ఉండదు, ఒక్క మాత్రతో చనిపోవచ్చు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

బండి ఉంటే క్లినిక్‌కు తీసుకెళ్లి తీసుకురావడం కూడా సాయమే. ఆపరేషన్ అయిన జంతువును పది రోజులు ఇంట్లో ఉంచుకోవడం, అంటే ఫోస్టర్, ఇంకా పెద్ద సాయం. ఒకవేళ కళ్లు తెరవని పిల్లికూనల్ని ఒప్పుకుంటే రాత్రిళ్లు కూడా రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. తెలిసే ఒప్పుకోండి.

మాట తీరు, చివరి ఇంజెక్షన్, నోట్‌బుక్

"డబ్బు లేనప్పుడు పెంచుకోవడమెందుకు?" అన్న మాట కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మీరు అనకండి, అన్నవాళ్లకు తలూపకండి. ఆ కుక్కను తెచ్చుకున్న రోజు వాళ్లకు జీతం వచ్చేదేమో. సాయం అందుకున్నవాళ్లను ఫోటో దిగమని అడగడం, వీడియోలో థాంక్స్ చెప్పమనడం కూడా వద్దు. అలా అడుగుతారని తెలిస్తే కొందరు క్లినిక్‌కు రావడమే మానేస్తారు.

కొన్నిసార్లు మీ డబ్బుతో జరిగేది కారుణ్య మరణం. కేన్సర్ ముదిరి ఊపిరాడని ముసలి కుక్కకు ఆ ఇంజెక్షన్ కూడా వైద్యమే, దానికి కూడా డబ్బవుతుంది. అది కట్టలేక, జంతువు ఇంట్లో రోజుల తరబడి అరుస్తుంటే చూస్తూ ఉండిపోయేవాళ్లున్నారు. నిధి నియమాల్లో దీన్ని మొదటి నుంచే చేర్చండి. "నా డబ్బు బతికించడానికే" అని పట్టుబట్టకండి. దేనికెంత ఖర్చు పెట్టాలో డాక్టర్‌కు వదిలాక, ఇక్కడ మాత్రం వెనక్కి లాక్కోవడం కుదరదు.

ఇచ్చాక రోజూ ఫోన్ చేసి "ఎలా ఉంది?" అని అడగడం మానుకోండి. మీలాంటివాళ్లు ఇరవై మంది చేస్తే వార్డులో మనిషికి అదే పనవుతుంది. మూడు నెలలకొకసారి ఒక గంట కూర్చుని నోట్‌బుక్ చూస్తే సరిపోతుంది.

మా నోట్‌బుక్‌లో తేదీ, జంతువు, జబ్బు, యజమాని కట్టింది, నిధి కట్టింది, ఏమైంది అని ఆరు గడులుంటాయి. మనుషుల పేర్లుండవు. మొదలుపెట్టిన కొన్నాళ్లకు డాక్టర్ గారు ఇంకో పేజీ కలిపారు. నిధిలో డబ్బు లేక లేదని చెప్పాల్సి వచ్చినవి అందులో రాస్తారు. మొదటి ఏడాది చివర్లో ఆ పేజీలో తొమ్మిది వరుసలున్నాయి, నాలుగు పార్వోవే. తర్వాతి ఏడాది నెలకెంత కట్టాలో, అందులో టీకాలకెంత విడిగా పెట్టాలో ఆ పేజీ ముందు పెట్టుకునే లెక్క వేశాం. మీరూ ఆ పేజీ మొదటి రోజు నుంచే పెట్టమనండి.